ముందుమాట: ఓడ మీంచి చూసిన ఒడ్డు

మా వినుకొండకు సముద్రం లేదు. కొండ ఉంది, కొండమీద రామలింగేశ్వరుడున్నాడు, చుట్టూ మిరప చేలూ పత్తి చేలూ ఉన్నాయి. ఉప్పుగాలి తగలాలంటే బాపట్ల దాకా పోవాలి. ఇలాంటి మెట్టప్రాంతంలో పుట్టి పెరిగి ముసలివాణ్ణయిన నన్ను, నావికుల యాత్రాగ్రంథాల మీద వచ్చే పుస్తకానికి ముందుమాట రాయమని ఈ గ్రంథకర్త్రి అడిగింది. మా ఊరి ఆడపడుచు. నన్ను తాతయ్యా అని పిలుస్తుంది. రాతప్రతి చేతికిచ్చినప్పుడు ‘సముద్రం సంగతి నాకేం తెలుసమ్మా’ అన్నాను. ‘ముందు కొల్లూరు అధ్యాయం చదవండి తాతయ్యా, తర్వాత మీ ఇష్టం’ అంది. ఆ అధ్యాయం చదివాక మొదటి పుటకు వెళ్లి, చివరిదాకా చదివిగాని పుస్తకం కింద పెట్టలేదు.

కొల్లూరు మా పల్నాటి ఊరు. బెల్లంకొండ వైపు, కృష్ణ ఒడ్డున ఉండేది. పులిచింతల జలాశయం వచ్చాక నీటి అడుగుకు పోయింది. నీళ్లు తగ్గినప్పుడు ఇప్పటికీ జనం వచ్చి అక్కడి రాళ్లలో వజ్రాల కోసం వెతుకుతారు. కోహినూరు అక్కడి గనిదేనని ఎక్కువమంది నమ్మకం. 17వ శతాబ్దంలో అక్కడ నిలబడి చూసి రాసినవాళ్లలో విలియం మెత్‌వోల్డ్ ఒకడు. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా ఓడెక్కి వచ్చి, 1618 నుంచి 1622 దాకా బందరులో ఉన్నాడు. గోల్కొండ రాజ్యాన్ని గురించి అతను రాసిన వృత్తాంతం 1626లో లండన్‌లో శామ్యూల్ పర్చాస్ సంకలనంలో అచ్చయింది. గనిలో పనిచేసేవాళ్లు 30 వేలమంది ఉంటారని అతని అంచనా. గనిని గుత్తకు తీసుకున్నవాడు గోల్కొండ సుల్తానుకు ఏటా ఎంత కట్టాలో రాశాడు. పది క్యారెట్లకు మించిన రాయి దొరికితే అది సుల్తానుకే చెందాలన్న షరతూ రాశాడు. గుత్తేదారు పేరు రాశాడు. తవ్వినవాళ్లలో ఒక్కరి పేరూ రాయలేదు.

తర్వాత కొన్ని దశాబ్దాలకు అదే గనికి వచ్చిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తవెర్నియే, తన ఆరు ప్రయాణాల గ్రంథంలో (1676) ఆ సంఖ్యను 60 వేలు చేశాడు. మగవాళ్లు తవ్వుతారు, ఆడవాళ్లూ పిల్లలూ మట్టి మోస్తారు అని చెప్పాడు. రావుల్‌కొండ అని తాను పిలిచిన మరో గనిలో పనివాడికి ఏడాదికి మూడు వరహాలు దక్కుతాయన్నాడు. ఆ వరహాల లెక్క చెప్పినందుకు అతనికి మనం రుణపడి ఉండాలి. అతనూ పేర్లు చెప్పలేదు.

గ్రంథకర్త్రి తన పుస్తకం మొత్తాన్ని ఈ ఒక్క ప్రశ్న మీద నిలబెట్టింది. ఓడ దిగి వచ్చినవాడి కాగితం మీదికి ఎవరు పేరుతో ఎక్కారు, ఎవరు లెక్కగా ఎక్కారు, ఎవరు అసలు ఎక్కలేదు? సామ్రాజ్యం, ఆధిపత్యం అని పెద్ద మాటలు పలికేవాళ్లు చాలామంది ఉన్నారు. ఈమె ఆ మాటలు అరుదుగా వాడింది. ఒక్కొక్క వృత్తాంతాన్నీ తీసుకుని, ఇందులో ఏది కొలిచారు, ఎవరికోసం కొలిచారు, ఎవర్ని పలకరించారు అని పుట తర్వాత పుట అడుగుతూ పోయింది. ఇది ఓపిక కావలసిన పని. మన చరిత్ర రచనలో ఇంత ఓపికను నేను తరచుగా చూడలేదు.

మొదటి అధ్యాయంలో గ్లోబ్ అనే ఓడ కథ ఉంది. 1611లో కప్తాను ఆంథొనీ హిప్పన్ దాన్ని మన తీరానికి తెచ్చాడు. పులికాట్‌లో డచ్చివాళ్లు ముందే పాతుకుని ఉన్నారు, ఇంగ్లీషువాళ్లను వ్యాపారం చేయనివ్వలేదు. ఓడ పైకి వచ్చి నిజాంపట్నం దగ్గర ఆగింది, అక్కణ్ణుంచి బందరు చేరింది. కంపెనీకి తెలుగు గడ్డమీద అదే మొదటి అడుగు. ఆ ఓడలో వర్తకుడుగా వచ్చిన పీటర్ ఫ్లోరిస్ పుట్టుకకు డచ్చివాడు, ఇంగ్లీషువాళ్ల కొలువులో చేరినవాడు. అతని దినచర్య పుస్తకం మన తీరం గురించి దొరికే విలువైన కాగితాల్లో ఒకటి. ఏ గుడ్డ ఎక్కడ నేస్తారు, అద్దకం రంగు ఎక్కడ బాగుంటుంది, ఏ అధికారి ఎంత అడిగాడు, ఎవరు బాకీ పడ్డారు, అన్నీ ఉన్నాయి. 1614లో బాకీలు వసూలు కాకపోతే, బందరు అధికారి కొడుకును సుంకాల కచేరీలోంచి పట్టుకుని ఓడకు ఎక్కించుకుపోయాడు. ఈ సంగతి అతనే రాసుకున్నాడు, చేయవలసిన పని చేసినట్టుగా. ఆ ఏడే వేలూరులో విజయనగర రాజు వెంకటపతి దేవరాయలు కాలం చేశాడు. ఆ వార్తా ఫ్లోరిస్ పుస్తకంలో ఉంది. ముగ్గురు రాణులు సహగమనం చేశారని, వారిలో పులికాట్‌కు అధిపతి అయిన ఓబమ్మ ఉందని రాశాడు. ఓబమ్మకు పేరు దక్కింది. ఎందుకంటే పులికాట్ రేవు ఆమె చేతిలో ఉండేది. రేవు చేతిలో లేని ఇద్దరికీ ఆ పుటలో పేరు లేదు. ఈ సంగతిని గ్రంథకర్త్రి ఎత్తి చూపిన పుట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను.

అప్పు ఇచ్చే షావుకారు గట్టుమీద నిలబడి పైరును ఎంత శ్రద్ధగా చూస్తాడో పల్లెలో పుట్టినవాళ్లకు తెలుసు. ఆ చూపులో అబద్ధం ఉండదు. ఎకరాకు ఎన్ని బస్తాలో రైతుకన్నా ముందే చెప్పేస్తాడు. ఈ నావికుల చూపు అలాంటిది. వాళ్లు అబద్ధాలు రాశారు కాబట్టి పక్కన పడేద్దాం అనేవాళ్లకు ఈ పుస్తకం గట్టి సమాధానం. వాళ్ల రాతల్లో చాలాభాగం నిజం. నిజం కాబట్టే అది కంపెనీకి పనికొచ్చింది.

ఈ శ్రద్ధ ఒక్కొక్కరి స్వభావంలోంచి మాత్రమే వచ్చింది కాదని చూపే భాగం నాకు కొత్త. 1666లో లండన్‌లోని రాయల్ సొసైటీ దూరప్రయాణాలు చేసే నావికులకు సూచనలు అచ్చువేసింది. దిక్సూచి ఎక్కడ ఎంత పక్కకు తిరుగుతుందో చూడండి, ఆటుపోట్లు రాయండి, సముద్రం లోతు కొలవండి, ఒడ్డు ఎలా కనిపిస్తుందో బొమ్మ గీయండి, తిరిగి వచ్చాక ఒక ప్రతి నౌకాదళానికి అందజేయండి అని. అంటే కప్తాను ఓడ ఎక్కకముందే అతని పుస్తకానికి చట్రం తయారైంది. విలియం డాంపియర్ ఆ చట్రంలో ఇమిడిన మనిషి. సముద్రపు దోపిడీగాళ్లతో తిరిగినవాడు, లోకం చుట్టి వచ్చినవాడు, 1690లో మద్రాసు కోటలో కొన్నాళ్లు ఉన్నవాడు. కడలి మీంచి చూస్తే మద్రాసు ఎంత అందంగా కనిపిస్తుందో ముచ్చటపడి రాశాడు. ఇసుకనేల, ఒడ్డున కోట, ఎత్తైన రాతిగోడలు. ఒడ్డును అలా బయటినుంచి, ఆగి, మొత్తంగా చూడటం ఈ రచనలన్నింటిలోనూ ఉంది. ఆ బొమ్మలో జనం చాలా చిన్నగా ఉంటారు. 1697లో డాంపియర్ పుస్తకం వచ్చింది, రాయల్ సొసైటీ అధ్యక్షుడికి అంకితమిచ్చాడు. రెండేళ్లకే నౌకాదళం అతని చేతికి రోబక్ అనే ఓడనిచ్చి ఆస్ట్రేలియా వైపు పంపింది. పుస్తకమే అతనికి ఓడ సంపాదించిపెట్టింది.

ఆస్ట్రేలియా పడమటి తీరపు జనాన్ని డాంపియర్ ఆ పుస్తకంలో అతి హీనంగా వర్ణించాడు. డెబ్బై ఏళ్ల తర్వాత, 1770 ఏప్రిల్‌లో, ఇంగ్లీషు కప్తాను కుక్ ఓడ ఎండెవర్ ఆస్ట్రేలియా తూర్పు తీరానికి చేరింది. ఒడ్డున ఎవరో కదులుతున్నారు. ఓడలో ఉన్న శాస్త్రజ్ఞుడు జోసెఫ్ బ్యాంక్స్ తన దినచర్యలో ఒక నిజం ఒప్పుకున్నాడు. డాంపియర్ రాతలు తమ మనసుల్లో ఎంతగా నాటుకున్నాయంటే, కనిపించేది మనుషులో కాదో తేలని దూరంలో ఉండి కూడా వాళ్ల రంగు కనిపిస్తున్నదనుకున్నామని రాశాడు. ఒక పుస్తకం తర్వాతి ఓడలోని కళ్లను ఎలా ముందే తీర్చిదిద్దుతుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి సాక్ష్యం నేను చదవలేదు. కుక్‌కు ఇచ్చిన రహస్య ఆజ్ఞల్లో, కొత్త నేల దొరికితే అక్కడి ప్రజల సమ్మతితో రాజు పేర స్వాధీనం చేసుకోమని ఉంది. ఆ ఏడు ఆగస్టులో అతను తూర్పు తీరమంతటినీ స్వాధీనం చేసుకున్నట్టు ప్రకటించాడు. సమ్మతి ఎవర్నీ అడగలేదు. ప్రయాణంలో రాసిన దినచర్యలన్నీ నౌకాదళం చేతికి వెళ్లాయి. వాటిని తిరగరాసి పుస్తకం చేసేందుకు హాక్స్‌వర్త్ అనే రచయితకు 6,000 పౌన్లు ముట్టాయి. 1773లో అచ్చయిన ఆ సంపుటాలను ఇంగ్లండు ఇళ్లలో కూర్చుని జనం చదువుకున్నారు.

ఫ్రెంచి నావికుడు బుగేన్‌విల్ తాహితీని స్వర్గంగా వర్ణించాడు. దాని గురించి ఈ పుస్తకంలో ఉన్నది కొద్దిగానే. ఉన్నంతలో చెప్పవలసింది చెప్పింది. మెచ్చుకున్న చోటా తిట్టిన చోటా అక్కడి మనిషిని అడిగింది లేదు.

మళ్లీ మన తీరానికి వస్తాను. రాత తర్వాత పటం వచ్చింది. జేమ్స్ రెన్నెల్ కుర్రతనంలో నౌకాదళంలో పనిచేసి, తర్వాత బెంగాలు నేలను కొలిచి, హిందుస్థాన్ పటం గీశాడు. మద్రాసులో కంపెనీ గుమాస్తాగా మొదలైన అలెగ్జాండర్ డాల్రింపుల్ 1779లో కంపెనీకి సముద్రపటాల అధికారి అయ్యాడు. 1795లో బ్రిటిష్ నౌకాదళానికి ఆ పదవిలో మొదటివాడూ అతనే. మైకేల్ టాపింగ్ కోరమాండల్ తీరాన్ని కొలుస్తూ, గోదావరి కృష్ణల మీద నివేదికలు రాస్తూ, 1796లో బందరులోనే చనిపోయాడు. నదుల మీద అతను చేసిన ఆలోచన తర్వాతి తరంలో ఆనకట్టలకు దారి తీసింది. ఆ నీళ్లతో డెల్టా పండింది, మెట్టవాళ్లమైన మేమూ ఆ బియ్యం తిన్నాం. గ్రంథకర్త్రి దీన్ని దాచలేదు. ఫ్లోరిస్ రాశాడు కాబట్టి కంపెనీ గెలిచింది అని ఒక్క ఉదుటున తేల్చేసే తొందర ఆమెలో లేదు. గ్లోబ్ బందరు చేరిన 177 ఏళ్లకు, 1788లో, మా వినుకొండ ఉన్న గుంటూరు సర్కారు కంపెనీ చేతికొచ్చింది. మాచర్ల, గురజాల వైపు పల్నాడు 1801లో వచ్చింది. ఈ మధ్యకాలంలో యుద్ధాలున్నాయి, నవాబుల అప్పులున్నాయి, నిజాము ఒప్పందాలున్నాయి. పుస్తకాలూ పటాలూ చేసిన పనేమిటంటే, ఏ రేవులో ఎంత లోతుందో, ఏ ఊరినుంచి ఎంత రాబడి వస్తుందో తెలిసినవాడికి ఆ ఊరు అప్పటికే సగం తనదైనట్టు అనిపించేలా చేయడం. ఈ మాట నాది. ఆమె దీన్ని ఇంకా జాగ్రత్తగా చెప్పింది.

ఒక్కచోట నేను ఆమెతో ఏకీభవించను. థామస్ బౌరీ అనే కప్తాను 1669 నుంచి మన సముద్రంలో సొంత వ్యాపారం చేసుకుంటూ తిరిగాడు. బంగాళాఖాతం చుట్టూ ఉన్న దేశాల గురించి రాసి, పూర్తి చేయకుండా వదిలేశాడు. గ్రంథకర్త్రి అతన్నీ మెత్‌వోల్డ్ పక్కన కూర్చోబెట్టింది. నాకు అది కటువుగా తోచింది. బౌరీ పడవల బొమ్మలు గీశాడు. ఇనుప మేకు లేకుండా, కొబ్బరి పీచు తాళ్లతో పలకలు కుట్టి కట్టిన మసూలా పడవ అతని పుస్తకంలో ఉంది. ఎగసిపడే అలలమీద మేకుల పడవ పగిలిపోతుంది, కుట్టిన పడవ వంగి తట్టుకుంటుంది. దుంగలు కలిపి కట్టిన తెప్పా ఉంది. నరసాపురంలో ఇంగ్లీషు వర్తకులే వచ్చి ఓడలు కట్టించుకునేవారని, అక్కడి కలప, ఇనుము, వడ్రంగుల నైపుణ్యం అంత మేలైనవని రాశాడు. తెలుగు వడ్రంగి చేతిపనికి పరదేశపు కప్తాను ఇచ్చిన ఈ సాక్ష్యం మన గ్రంథాల్లో నాకు కనిపించలేదు. పైగా అది అతని కాలంలో అచ్చయి ఎవరికీ దారి చూపలేదు, 1905లో హక్లూయిట్ సొసైటీ వేసిందాకా రాతప్రతిగానే ఉంది. దీనికి ఆమె ఇచ్చే జవాబూ ఇదే పుస్తకంలో ఉంది. 1905 సంపుటానికి సంపాదకుడు రిచర్డ్ టెంపుల్ అండమాన్ నికోబార్ దీవులకు చీఫ్ కమిషనర్‌గా చేసినవాడు. మెత్‌వోల్డ్‌నూ ఫ్లోరిస్‌నూ 1930లలో మళ్లీ వెలుగులోకి తెచ్చిన మోర్‌లాండ్ ఐసీఎస్ ఉద్యోగి, భూమి రికార్డుల శాఖ నడిపినవాడు. ఎవరు రాశారన్నదే కాదు, ఎవరు దాచి, ఎవరు అచ్చువేశారన్నదీ అడగాలంటుంది. ఒప్పుకుంటాను. అయినా బౌరీ బొమ్మల విషయంలో నా మాట నాదే.

కొల్లూరు అధ్యాయం చివర ఒక కథ ఉంది. మద్రాసు గవర్నరు థామస్ పిట్ 1702లో జామ్‌చంద్ అనే వర్తకుడి దగ్గర 410 క్యారెట్ల ముడివజ్రం కొన్నాడు. దాన్ని తర్వాత ఫ్రాన్సు రాజప్రతినిధి కొన్నాడు, ఇప్పుడది పారిస్‌లోని లూవ్ర్‌లో ఉంది. ఆ రాయి కృష్ణ ఒడ్డు గనిలో ఒక కూలివాడికి దొరికిందనీ, అతను కాలు కోసుకుని గాయంలో దాచుకుని తీరం చేరాడనీ, ఓడ ఎక్కించుకున్న కప్తాను అతన్ని చంపి సముద్రంలో పడేశాడనీ ఇంగ్లండులో కథ ప్రచారమైంది. జరిగిందో లేదో ఎవరూ రుజువు చేయలేరు. కథలో కూడా పిట్‌కు పేరుంది, జామ్‌చంద్‌కు పేరుంది, వజ్రానికి పేరుంది. చచ్చిపోయిన కూలివాడికి లేదు. దీన్ని ఆమె కథగానే చెప్పింది, చరిత్ర అనలేదు. ఆ నిజాయితీ నాకు నచ్చింది.

ఈ పుస్తకంలో నన్ను ఎక్కువగా కదిలించిన అధ్యాయం మాత్రం పరదేశీయుల గురించి కాదు, మన గురించి. ఇదే ప్రశ్నను ఆమె మన కాగితాలనూ అడిగింది. 1244లో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లిలో వేయించిన అభయశాసనం గొప్పది. తుఫానుకు ఒడ్డున పడ్డ ఓడల సరుకును వెనుకటి రాజులు లాగేసుకునేవారు, తాను న్యాయమైన సుంకం తప్ప మరేదీ ముట్టనని మాటిచ్చాడు. ప్రాణాలకు తెగించి సముద్రం దాటి వచ్చేవాళ్ల పట్ల అంత దయ చూపిన శాసనం అది. అయినా అందులో మోటుపల్లి పడవవాడు లేడు. శ్రీనాథుడు హరవిలాసాన్ని అవచి తిప్పయ్యసెట్టికి అంకితమిస్తూ, ఏ దేశంనుంచి ఏనుగులు, ఏ దేశంనుంచి గుర్రాలు, ఏ దేశంనుంచి పట్టు వచ్చేవో చెప్పాడు. సెట్టికి పేరుంది, సరుకుకు పేరుంది. చుక్కాని పట్టినవాడికి లేదు. కంపెనీ సర్వే అధికారి మెకంజీ కోసం మన పల్లెల కైఫియతులు, అంటే ఊళ్ల చరిత్ర కాగితాలు, సేకరించినవాళ్లలో ముఖ్యుడైన ఏలూరు కావలి వెంకట బొర్రయ్య 1803లో చిన్న వయసులోనే పోయాడు. ఆ సేకరణ లోకానికి మెకంజీ పేరుతోనే తెలుసు. ఆ కైఫియతుల్లోనూ కరణాలూ జమీందార్లూ గుళ్లకు మాన్యాలిచ్చినవాళ్లూ ఉన్నారుగాని, చెరువు తవ్వినవాళ్లు లేరు. పరాయివాణ్ణి నిలదీసిన ప్రశ్ననే ఇంట్లోవాళ్లనూ నిలదీయడానికి ధైర్యం కావాలి. దీనివల్ల ఈ అమ్మాయి కొందరి కోపానికి గురవుతుంది. అవనీ.

ఈ ధైర్యం మా వినుకొండకు కొత్తది కాదు. గుర్రం జాషువా 1895లో ఇక్కడే పుట్టాడు. 1941లో వచ్చిన అతని గబ్బిలం కావ్యంలో, గుడిలోకి అడుగు పెట్టనివ్వని ఒక మనిషి తన గోడు శివుడికి చెప్పమని గబ్బిలాన్ని పంపుతాడు. దారిలో అది చూడవలసిన దేశాన్నంతా అతనే వర్ణించి చెబుతాడు. కప్తాను ఓడ మీంచి చూసిన దేశమూ, లోపల ఉండి బయటికి నెట్టబడ్డవాడు చూపించిన దేశమూ ఒకటే నేల. రెంటినీ పక్కపక్కన పెట్టి చదవాలన్న ఆలోచన ఈ గ్రంథకర్త్రికి వచ్చింది. ఆ అధ్యాయం కోసమైనా ఈ పుస్తకాన్ని తెలుగు పాఠకులు కొని చదవాలి. ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర గురించిన అధ్యాయం దానితో పోలిస్తే పలచగా ఉంది. 1830-31లో మద్రాసు సుప్రీంకోర్టు ఉద్యోగి ఒకడు తెలుగులో దేశమంతా చూసి రాసిన ఆ గ్రంథానికి ఇంకా విస్తారమైన చోటు దక్కాలి. మలిముద్రణలో పెంచమ్మా.

మరొకటి అడుగుతాను. ఆ ఓడల్లో మనవాళ్లూ ఉన్నారు. తెరచాపలు ఎత్తిన కళాసీలున్నారు, వాళ్లమీద సరంగులున్నారు. కోరంగి రేవునుంచి రంగూను దాకా ఎన్ని ఓడలు వెళ్లాయో, బర్మావాళ్లు తెలుగువాళ్లందరినీ కోరంగీలనేంతగా వెళ్లాయి. 1839 ఉప్పెన ఆ రేవును ఊడ్చేసింది. వాళ్లు ప్రయాణాలు చేశారుగాని పుస్తకాలు రాయలేదు. రెండో సంపుటం వాళ్లది కావాలి. అది లైబ్రరీలో దొరకదు. బందరు, నరసాపురం, కాకినాడ, భీమిలి పోయి, పల్లెకారుల ఇళ్లలో, వాడబలిజల ఇళ్లలో కూర్చుని, ఏ గాలికి ఏ పేరు పెట్టుకున్నారు, ఏ చుక్కను చూసి ఒడ్డు పట్టుకునేవారు, తాతలు ఏ దేశాలు చూశారు అని అడగాలి. చెప్పినవాళ్ల పేరూ వాళ్ల ఊరి పేరూ ప్రతి పుటలో వేయాలి. ఆ పెద్దలు ఎక్కువకాలం ఉండరు, వానలు వెనకబడగానే బయల్దేరమ్మా. దారిఖర్చులు ఊళ్లో పుస్తకాలు చదివేవాళ్లం కలిసి చూసుకుంటాం.

వినుకొండ